డ్యాష్‌బోర్డులో చిల్లు

ఆ వేసవిలో మా మామయ్యగారి చిన్నిల్లు అమ్మకానికి వచ్చింది.

చిన్నిల్లంటే మీరింకేదో అనుకునేరు. ఆ పేరు పెట్టింది మా అత్తయ్యే. ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాలకున్నట్టు చువ్వలున్న చక్రాలు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. మామయ్య పొద్దున్నే మొహం కడుక్కుని నేరుగా అందులోకి వెళ్ళేవారు. "మామయ్యగారు లేరా?" అని ఎవరొచ్చి అడిగినా అత్తయ్య తల కూడా తిప్పకుండా, "ఎందుకు లేరూ, చిన్నింట్లో ఉన్నారు," అనేది. కొత్తవాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. అది చూడటం ఆవిడకి సరదా.

నేను ఆ ఇంటి కోడల్ని. కార్ల కరెంటు పని చేస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఇంటికి రెండు వీధుల అవతల నాకో షాపుంది. షట్టరు ఎత్తితే ఒక కారు లోపలికి, ఇంకోటి బయటికి పడుతుంది. హారన్లు, హెడ్‌లైట్లు, మాడిపోయిన వైరింగు, తిరగనని మొండికేసిన సెల్ఫ్ మోటార్లు, అన్నీ నా చేతిమీదుగా వెళ్తాయి. ఊళ్ళో ఎవరి కారు బానెట్టయినా ఎత్తనిస్తారు గానీ, పెళ్ళయి నాలుగేళ్ళైనా మా షెడ్డులో కారుకి బ్యాటరీ చార్జింగు పెట్టడం తప్ప వేరే పనికి మామయ్య నన్ను పిలవలేదు.

ఆయన గడియారాలు బాగుచేసిన మనిషి. రెండేళ్ళ కిందట దుకాణం మూసేశాక ఆ చూపంతా కారు మీద పడింది. అందులో ప్రతి స్క్రూ ఆయనకి మొహం చూసి గుర్తుపట్టేంత తెలుసు. ఒక చిన్న బల్బు పోతే అలాంటి బల్బే దొరికేదాకా మూడు నెలలు ఊళ్ళన్నీ తిరిగారు. "కంపెనీలోంచి ఎలా దిగిందో అలాగే ఉండాలి," అనేది ఆయన మాట.

కానీ ఆయనకి డ్రైవింగు రాదు.

నడిపేది అత్తయ్య. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపింది. ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. మొగుడికి నేర్పాలని మూడుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "ఈయన గేరు మార్చేముందు దాని అనుమతి అడుగుతారు. ఈలోపు వెనక లారీ వాడు మన డిక్కీలో ఉంటాడు," అనేది. ఆదివారం పొద్దున ఆవిడ నడిపేది, ఆయన పక్కసీట్లో కూర్చుని ఇంజను శబ్దం వినేవారు. ఆ ఇంట్లో ఆదివారమంటే అదే.

ఆ ఏడు ఎండలు మొదలవగానే ఆదివారాలు ఆగిపోయాయి.

మొదటి వారం ఎండ ఎక్కువగా ఉందంది అత్తయ్య. రెండో వారం తలనొప్పి. మూడో వారం మెయిన్ రోడ్డు తవ్వి పోశారంది. మామయ్య మూడుసార్లూ "సరే" అన్నారు. మూడుసార్లూ కారు మీద గుడ్డ తీసి, తుడిచి, మళ్ళీ కప్పేశారు.

ఒకరోజు మధ్యాహ్నం, కరెంటు కొలిచే మీటరు ఇంట్లో మరిచిపోయి, దానికోసం వచ్చాను. షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంది. మామయ్య బజారుకి వెళ్ళారని నాకు తెలుసు. లోపలికి తొంగిచూస్తే, అత్తయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉంది. కారు తాళంచెవికి చెక్క గరిటె కాడని రబ్బరు బ్యాండ్లతో బిగించి, దాన్ని మోచేత్తో కిందికి నొక్కుతోంది. గరిటె జారి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"వంట చేస్తున్నారా అత్తయ్యా?" అన్నాను.

"నోర్మూసుకుని తలుపెయ్యి," అంది.

తలుపేసి వెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాను. ఆవిడ కుడిచెయ్యి నా ముందు పెట్టింది. బొటనవేలి మొదలు దగ్గర ఎముక పక్కకి పొడుచుకొచ్చినట్టుంది. ఎడమ చేతికీ కొంచెం అలాగే ఉంది.

"కీలు అరిగిపోయిందట. ఎముకల డాక్టరు చెప్పాడు. కారైతే పార్టు మార్చొచ్చు గానీ నీకు మార్చడానికి లేదమ్మా అని జోకొకటి."

"నడపొద్దన్నాడా?"

"అనలేదు. స్టీరింగు తిప్పగలను, గేరు అరచేత్తో తోయగలను. ఒక్క ఈ తాళమే. మొదటి నొక్కు దాకా వేళ్ళతో తిరిగిపోతుంది. సెల్ఫ్ కొట్టాలంటే స్ప్రింగు మీద బిగించి తిప్పాలి, ఇంజను అందుకునేదాకా అలాగే పట్టుకోవాలి. అక్కడ ప్రాణం పోతోంది."

"మరి మామయ్యతో చెప్పొచ్చుగా?"

"చెప్తే? ఆ రోజునుంచి నా మీద కూడా గుడ్డ కప్పి కూర్చోబెడతారు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది గానీ మధ్యలో ఆగిపోయింది.

"నీ షాపులో బటన్లేవో పెడతావుగా, నొక్కితే స్టార్టయ్యేవి. దీనికి పెట్టలేవూ?"

"పెట్టడం ఒక పూట పని. కానీ డ్యాష్‌బోర్డుకి చిల్లు పెట్టాలి."

ఇద్దరం ఎదురుగా ఉన్న ఆ చెక్క బోర్డు వైపు చూశాం. వార్నిషు మీద మా మొహాలు కనిపిస్తున్నాయి.

"ఊరికే అడిగి చూడు. నా పేరెత్తకు," అంది అత్తయ్య.

సాయంత్రం టీ దగ్గర అడిగాను. ఈమధ్య పాత కార్లకి కూడా జనం బటన్ పెట్టించుకుంటున్నారని, తాళం మీద భారం తగ్గుతుందని, ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పాను. మామయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చిల్లు పెట్టాలా?"

"పెట్టాలి మామయ్యా. చిన్నదే."

"ఆ బోర్డుకి తొమ్మిది చిల్లులున్నాయి. పదోది నేను బతికుండగా పడదు." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. మెల్లగా అన్నారు. "అయినా ఎవరికోసమమ్మా? మీ అత్తయ్యకి ఆ కారంటే విసుగొచ్చేసింది. నోరు తెరిచి అనదు గానీ నాకు తెలుస్తోంది. కారు తనకి అమ్మమని పళ్ళ డాక్టరు మూడేళ్ళనుంచి అడుగుతున్నాడు. చూసుకుని వెళ్ళమని కబురు పెట్టాను."

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. వాళ్ళ అమ్మానాన్నల మధ్య ఎవరు ఏం దాస్తున్నారో చెప్పి, రేపు ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతానన్నాను. "ఆ రెండు వైర్లూ నువ్వు కలపకు. షాక్ నీకే కొడుతుంది," అని అటు తిరిగి పడుకున్నాడు. ఊరుకున్నాను. తన పేరెత్తొద్దని అత్తయ్య అంది కదా మరి.

పళ్ళ డాక్టరు శనివారం పొద్దున్నే వచ్చాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాడు, ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయట. పళ్ళు చూసే చిన్న అద్దం జేబులోంచి తీసి, ఆ కారు కింద, చక్రాల వెనక, డోరు సందుల్లో పెట్టి చూశాడు. మనిషి చెడ్డవాడేం కాదు. డ్యాష్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుళ్ళోకొచ్చినవాడిలా గొంతు తగ్గించాడు.

"ఒక్క గీత లేదండీ. ఒక్క కొత్త చిల్లు లేదు. నేనిన్ని చూశాను గానీ ఇలా ముట్టుకోకుండా ఉన్నది ఇదే."

మామయ్య మొహం వెలగలేదు. మామూలుగానైతే ఆ మాటకి వారం రోజులు గాల్లో నడిచేవారు.

"ఒకసారి ఇంజను వినిపిస్తారా?" అన్నాడు డాక్టరు.

"ఇదిగో, ఒక్కసారి వచ్చి స్టార్ట్ చెయ్యి," అని మామయ్య లోపలికి కేకేశారు.

అత్తయ్య వచ్చింది. ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. తాళం మొదటి నొక్కు తిప్పింది. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. తరవాత తిప్పబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. వదిలి, వేళ్ళు సవరించుకుని, మళ్ళీ తిప్పింది. ఆగింది. మూడోసారి ఎడమచెయ్యి కూడా తెచ్చి రెండు చేతులతో పట్టుకుంది. కింది పెదవి పళ్ళ మధ్య నొక్కుకుపోయింది. షెడ్డు రేకులు ఎండకి టిక్కు టిక్కుమంటున్నాయి.

మామయ్య తాళం వైపు చూడటం లేదు. ఆవిడ చేతివైపు చూస్తున్నారు.

"బ్యాటరీ దిగిపోయినట్టుంది డాక్టరుగారూ," అన్నారు. "ఇంకో రోజు కబురు పెడతాను."

గురువారంనాడే నేనా బ్యాటరీకి చార్జింగు పెట్టి ఇచ్చాను. ఆయనే పక్కన నిలబడి రీడింగు రెండుసార్లు చూపించుకున్నారు. ఎర్ర దీపం కొత్తదానిలా వెలుగుతూనే ఉంది. డాక్టరు దానివైపు చూశాడో లేదో నాకు తెలీదు. అద్దం జేబులో పెట్టుకుని, "దానికేముందండీ," అని వెళ్ళిపోయాడు.

నేనూ వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నారు మామయ్య.

"చలికాలంనుంచి."

"నాతో అనలేదేం?"

"మీరెందుకడగలేదు? మూడు వారాలు మూడు సాకులు చెప్పాను. ఒక్కదానికైనా అదేంటని అడిగారా?"

"విసుగొచ్చిందేమో అనుకున్నాను. నువ్వు ముట్టని వస్తువు ఇంట్లో ఎదురుగా ఉంటే నీకు ఇబ్బందని…"

"నాకు విసుగు! దీనిమీద!" అత్తయ్య స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మీకు గడియారం మొహం చదవడమే గానీ మనిషి మొహం చదవడం రాదండీ."

ఆ మర్నాడు ఆదివారం. మామయ్య ఒక ఉపాయం కనిపెట్టారు. "నేను పక్కనే ఉంటానుగా. తాళం నేను తిప్పుతాను, నువ్వు నడుపు. చిల్లూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు."

ఇబ్బందల్లా తాళం స్టీరింగుకి కుడిపక్క, తలుపు వైపు ఉండటం. ఎడమ సీట్లోంచి దాన్ని తిప్పాలంటే ఆయన అత్తయ్య ఒళ్ళోకి అడ్డంగా వాలాలి. ఆయన తల ఆవిడ గడ్డం కింద ఇరుక్కునేది. పైగా ఇంజను అందుకున్నాక కూడా భయంతో తాళం వదిలేవారు కాదు. సెల్ఫ్ గరగరమని అరిచేది. "వదలండి, వదలండి మహానుభావా!" అని అత్తయ్య ఆయన వీపు మీద చరిచేది. గేటు దగ్గర నిలబడి నేనూ మా ఆయనా కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అయినా కారు బయటికెళ్ళింది. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. ఇంట్లో గాలి తేలికపడింది.

మూడోసారి బయల్దేరింది ఆదివారం కాదు, మామూలు రోజు. వాళ్ళిద్దరూ అటు వెళ్తూ నా మధ్యాహ్నం భోజనం డబ్బా ఇద్దామని షాపు ముందు ఆపారు. అత్తయ్య ఇంజను ఆపకుండా కూర్చుంది. మామయ్య డబ్బా పట్టుకుని లోపలికొచ్చి, నా బల్ల మీద విప్పి ఉన్న వైపర్ మోటారు చూసి అక్కడే ఆగిపోయారు. బయట వెనకనుంచి బస్సు వచ్చి హారను కొట్టింది. అత్తయ్య ముందుకు జరపబోయింది. క్లచ్చి మీద కాలు తొట్రుపడి ఇంజను ఆగిపోయింది.

బస్సు వెనక ఇంకో బస్సు. దాని వెనక ఆటోలు, కార్లు. మామయ్య పరిగెత్తారు. ఒక చెప్పు నా షాపు గడప దగ్గరే ఉండిపోయింది. ఆయన వచ్చి ఎక్కేలోపు పక్క కారులోంచి ఒకడు తల బయటపెట్టి, నవ్వుతూ అరిచాడు.

"టీచరుగారూ, నమస్తే! క్లచ్చి మెల్లగా వదలాలని మాకు మీరే చెప్పారు కదండీ!"

వాడు ప్రేమగానే అన్నాడు. అత్తయ్య కూడా నవ్వి చెయ్యి ఊపింది. కానీ మామయ్య ఆవిడ ఒళ్ళో వాలి తాళం తిప్పుతున్నంతసేపూ, ఆవిడ నేరుగా ముందుకే చూస్తూ ఉండటం నేను గమనించాను. డ్రైవింగు పరీక్షకి కూర్చున్నవాళ్ళు అలా చూస్తారు.

సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. తలకి కట్టుకున్న స్కార్ఫు మడతపెడుతూ అత్తయ్య అంటోంది.

"ఇంక చాలండీ."

"ఏం చాలు? తిప్పుతున్నానుగా. ఇకమీదట కారు దిగను. అంతేగా?"

"నాకు ఒక్కదాన్నే వెళ్ళాలనిపిస్తే?"

మామయ్యకి అర్థం కాలేదు. "ఒక్కదానివా? ఎక్కడికి?"

"ఎక్కడికో. ఎక్కడికీ కాదు." స్కార్ఫు పక్కన పెట్టింది. "ముప్పై ఏళ్ళు, రోజూ, కారులో నా పక్కన ఎవరో ఒకరున్నారు. బ్రేకు మీద కాలు పెట్టుకుని, వాళ్ళ భయాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆదివారం మీరు. మీరుంటే నాకేం కష్టం లేదు, బాగానే ఉంటుంది. కానీ పక్కసీటు ఖాళీగా ఉంటే కారు ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలీదండీ. చేతులు ఇంకా పాడైపోకముందు ఒక్కసారి తెలుసుకోవాలనుంది."

ఆవిడ ఆ మాట అనడంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. బహుశా అందుకే అది ఆయనకి గట్టిగా తగిలింది. టీ తాగకుండానే లేచి లోపలికి వెళ్ళారు. ఆ పూట షెడ్డు వైపు కూడా వెళ్ళలేదు.

మర్నాడు నేను షట్టరు ఎత్తుతుంటే వెనక ఎవరో దగ్గారు. మామయ్య. చెవి మీద పెన్సిలుంది.

"ఆ బటన్‌కి చిల్లు ఎంత సైజు కావాలి?"

తాళంచెవులు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. "రెండు రకాలున్నాయి మామయ్యా. పదహారు మిల్లీమీటర్లు, ఇరవై రెండు."

అలవాటుకొద్దీ ఆయన చిన్న సంఖ్య వైపే మొగ్గారు. "పదహారు చాలదూ?" అని, వెంటనే తల అడ్డంగా ఊపారు. "వద్దు. ఇరవై రెండే పెట్టు. దాని మీదికి ఇంకొంచెం వెడల్పు టోపీ తొడుగుదాం. వేళ్ళతో కాదుగా, అరచేత్తో నొక్కాలి."

అంతే. చెవి మీది పెన్సిలు తీసి, జేబులోని కాగితం మీద ఆ అంకె రాసుకున్నారు.

నా దగ్గరున్న బటన్లన్నీ ఆయన ముందు పోశాను. చుట్టూ ఎర్ర లైటు వెలిగేది చూసి, "ఇది లిఫ్టు బటను," అన్నారు. నీలం లైటుది చూసి, "ఇది నొక్కితే నర్సొస్తుంది," అన్నారు. చివరికి లోపలి స్విచ్చి మాత్రం నాది తీసుకుని, పైటోపీ తనే చేస్తానన్నారు. గడియారాల దుకాణంనుంచి తెచ్చుకున్న చిన్న లేతు మిషను మీద రెండు రోజులు కూర్చుని, ఎబొనైటనే నల్లటి గట్టి రబ్బరు ముక్కని గుండ్రంగా చెక్కి, అంచు చుట్టూ సన్నటి గీతలు కోశారు. బోర్డు మీదున్న మిగతా నాబులకి ఉన్న గీతలే. పక్కన పెడితే నాకే తేడా తెలియలేదు.

మూడోరోజు వంటింట్లోకి వచ్చి, పిండి తూచే త్రాసు బల్ల మీద పెట్టి అత్తయ్యని పిలిచారు.

"ఇక్కడ నొక్కు. అరచేత్తో. నొప్పి పుట్టేదాకా వద్దు, పుట్టేముందు ఆగు."

"ఏంటండీ ఈ పరీక్ష?"

"నొక్కమన్నానా?"

ఆవిడ నొక్కింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి అంకె చూశారు. పక్కకి తిప్పి నొక్కమన్నారు. ఎడమచేత్తో నొక్కమన్నారు. ఆరేడుసార్లు నొక్కించి, అన్నీ కాగితం ముక్క మీద రాసుకున్నారు. చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి, బొటనవేలి మొదలు దగ్గర ఆ ఉబ్బుని ఒకసారి వేలితో ముట్టుకున్నారు. "ఎడమచెయ్యే నయం. బోర్డు మధ్యలో పెడదాం," అన్నారు నాతో. అత్తయ్య త్రాసు తీసి శుభ్రంగా తుడిచి దాని చోట్లో పెట్టింది. చాలాసేపు అటువైపే తిరిగి ఉంది.

వైరింగు నాది. ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని ప్రతిదానికీ కారణం అడిగారు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా ఆ చిన్న బటన్‌లోంచి పోతే మాడిపోతుందని, అందుకే మధ్యలో రిలే పెడుతున్నానని చెప్పాను. బటన్ రిలేకి చెప్తుంది, బరువు పని రిలే చేస్తుంది. "అంటే మీ అత్తయ్య చెప్పడం, నేను చెయ్యడం," అన్నారు. గేరులో ఉండగా పొరపాటున చెయ్యి తగిలితే కారు దూకదా అని అడిగారు. మంచి ప్రశ్న. క్లచ్చి పెడలు కింద ఇంకో చిన్న స్విచ్చి పెట్టాను. క్లచ్చి పూర్తిగా తొక్కితే తప్ప బటన్ పనిచెయ్యదు. పాత తాళాన్ని ముట్టుకోలేదు. మొదటి నొక్కు దాకా తిప్పితే చాలు.

చిల్లు మాత్రం ఆయనే పెట్టారు. నా కరెంటు డ్రిల్లు వద్దన్నారు. బోర్డు మీద తెల్ల టేపు అంటించి, కంపాసుతో గుండ్రం గీసి, చేత్తో తిప్పే డ్రిల్లుతో మొదలుపెట్టారు. నుదుటి మీద చెమట కంట్లోకి దిగుతున్నా ఆపలేదు. చెక్క పొడి సన్నగా, ఎర్రగా సీటు మీద పరిచిన కాగితం మీద రాలింది. బిళ్ళ ఊడి కింద పడగానే ఆయన గట్టిగా ఊపిరి వదిలారు.

"అయిపోయింది," అన్నారు. తరవాత, తనలో తను, "అంత కష్టమేం కాదు," అన్నారు.

అత్తయ్యని పిలిచాం. ఆవిడ కూర్చుంది. తాళం రెండు వేళ్ళతో ఒక నొక్కు తిప్పింది. క్లచ్చి తొక్కింది. ఎడమ అరచెయ్యి ఎత్తి, నల్లటి బటన్ మీద ఆనించి, పిల్లల్ని జోకొట్టినట్టు మెల్లగా నొక్కింది. రిలే ఠక్కుమంది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి.

ఆపేసి మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆపేసి మళ్ళీ నొక్కింది. ఆరోసారి నేనే, "చాలు అత్తయ్యా, సెల్ఫ్ వేడెక్కుతుంది," అని బతిమాలాల్సి వచ్చింది. మామయ్య కారుకి అవతలివైపు నిలబడి, ఆ శబ్దం వింటున్నట్టు తల వంచుకుని ఉన్నారు గానీ, ఆయన చూస్తున్నది ఆవిడ చేతినే.

గురువారం పొద్దున టిఫినయ్యాక అత్తయ్య స్కార్ఫు కట్టుకుంది. మామయ్య గేటు తీశారు. అలవాటుకొద్దీ పక్కసీటు వైపు తలుపు దగ్గరికి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చారు.

"పెట్రోలు ముల్లు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. సగం దగ్గరుంటే సగం కాదు."

"తెలుసండీ."

"వంతెన దిగేటప్పుడు…"

"వంతెన దిగడం నాకు నేర్పుతారా?"

"లేదు లేదు. వెళ్ళిరా."

కారు మలుపు తిరిగింది. శబ్దం చాలాసేపు వినిపించింది. అది పూర్తిగా ఆగేదాకా ఆయన గేటు దగ్గరే ఉన్నారు. తరవాత షెడ్డులోకి వెళ్ళారు. తుడవడానికి అక్కడేమీ లేదు. నేల మీద నూనె మరక ఒక్కటుంది, దాన్ని కడిగారు. నేను షాపుకి బయల్దేరుతుంటే, "ఆగు, నేనూ వస్తాను," అన్నారు.

షాపులో స్టూలు మీద కూర్చుని కాసేపు రోడ్డు చూశారు. "ఏదైనా పనుంటే ఇవ్వు. ఊరికే కూర్చోలేను."

ముల్లు ఇరుక్కుపోయిన స్పీడోమీటరు ఒకటి నా చెత్తబుట్టలో ఉంది. అలాంటివి బాగుచేసే ఓపిక నాకు లేదు, కొత్తది వేసేస్తాను. అది తీసి ఇచ్చాను. ఆయన జేబులోంచి గడియారాల భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నారు. గంటన్నర తరవాత నా ముందు పెట్టి, వెనకున్న ఇరుసు వేళ్ళతో తిప్పారు. ముల్లు వణక్కుండా లేచి, వణక్కుండా దిగింది.

అత్తయ్య మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. మొహం ఎండకి ఎర్రగా కందిపోయి ఉంది. కళ్ళు మాత్రం ఎక్కడో ఈత కొట్టి వచ్చినట్టున్నాయి.

"ఎంత దూరం వెళ్ళావు?" అన్నారు మామయ్య.

"డెబ్భై రెండు కిలోమీటర్లు."

"ఎక్కడికి?"

"చెప్పను."

మామయ్య ఒక్క క్షణం చూశారు. తరవాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆయన అలా పొట్ట పట్టుకుని నవ్వడం ఈ ఇంటికొచ్చాక నేను చూడటం అదే మొదటిసారి. "చెప్పదట," అన్నారు నాతో, ఏదో బహుమతి వచ్చినట్టు.

పళ్ళ డాక్టరు ఆ నెలలోనే ఒకసారి వచ్చాడు, కబురు పెట్టకుండానే. బటన్ చూసి బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, ఎంత పని చేశారండీ!" అన్నాడు. అత్తయ్య సీట్లో కూర్చుని ఒకసారి నొక్కి చూడమంది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, తన కార్లలో ఒకదానికి అలాంటిదే పెట్టగలనా అని గొంతు తగ్గించి అడిగాడు. వాళ్ళావిడ కోసమట. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఆదివారాలు మళ్ళీ ఇద్దరివీ అయ్యాయి. గురువారాలు మాత్రం అత్తయ్యవి. ఆ రోజుల్లో మామయ్య నా షాపుకొచ్చేవారు. మొదట గురువారం ఒక్కటే, తరవాత మంగళవారం కూడా. మీటర్లు, డ్యాష్‌బోర్డు గడియారాలు, పాత రేడియో నాబులు ఆయన బల్ల మీదికి చేరాయి. వాటికోసం వేరే ఊళ్ళనుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. కొందరు లోపలికొచ్చి నన్ను దాటుకుని, "పెద్దాయన లేరా?" అని అడిగేవాళ్ళు. నాకు కొంచెం ఉక్రోషంగా కూడా ఉండేది.

మొదటి వాన పడ్డ వారం, ఒక గురువారం, ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని ఏదో సన్నటి తీగకి సోల్డరింగు పెడుతున్నారు. రోడ్డు తడిగా ఉంది. నేను బయట ఒకాయనతో హెడ్‌లైటు గురించి వాదిస్తున్నాను. దూరంనుంచి ఆ శబ్దం వచ్చింది. ముదురాకుపచ్చ కారు, టాపు తీసేసి, పక్కసీటు ఖాళీగా, మా షాపు ముందునుంచి సర్రుమని వెళ్ళిపోయింది. అత్తయ్య ఆగలేదు, మావైపు చూడలేదు. ఎడమచెయ్యి మాత్రం గాల్లోకి ఎత్తింది.

నేను లోపలికి తిరిగాను. మామయ్య తల ఎత్తలేదు. తీగ కొసన ఉన్న వెండి చుక్క గట్టిపడేదాకా ఊదారు.

"ఈ వీధిలో నాలుగో గేరేంటి మీ అత్తయ్యకి," అన్నారు సంతోషంగా, ఇంకో తీగ అందుకుంటూ.